నైజీరియా రచయితల్లో అగ్రస్థానం ఎవరిది? చదవాలంటే ఎవరితో మొదలుపెట్టాలి?

నైజీరియా సాహిత్యం మాట ఎక్కడ వచ్చినా మొదట రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి చినువా అచెబె, రెండోది వోలే సోయింకా. వీళ్లిద్దరిలో ఎవరు గొప్ప అన్నది ఎన్నో ఏళ్లుగా తెగని వాదం. మూడో పేరు దగ్గరకు వచ్చేసరికి అది ఇంకా ముదురుతుంది. కుర్రకారు చిమమాండా న్గోజి అదీచి అంటారు. కవిత్వం ఇష్టపడేవాళ్లు క్రిస్టఫర్ ఒకిగ్బోను వదులుకోరు. ఒకరు బుకర్ గెలిచిన బెన్ ఓక్రి పేరు తెస్తే, ఇంకొకరు ఉరికంబం ఎక్కిన కెన్ సారో-వివా పేరు తెస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి స్థానం అచెబెది. అయితే అందరూ చెప్పే పుస్తకం వల్ల కాదు. రెండో స్థానం సోయింకాది. మూడోది బుచి ఎమెచెటాది. ఈ మూడో పేరు చాలా జాబితాల్లో అసలు కనబడదు, అందుకే ఆమె గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి. ఈ వరుసతో మీరు ఏకీభవించకపోయినా పర్వాలేదు. మీకు ముందు ఎవరి పుస్తకం పట్టుకోవాలో తేల్చుకోవడానికి ఈ పోలిక ఉపయోగపడితే చాలు.

ఏ కొలతతో కొలవాలి?

బహుమతులే కొలత అయితే వాదమే అక్కర్లేదు. 1986లో సోయింకాకు నోబెల్ వచ్చింది. ఆఫ్రికా నల్లజాతి రచయితల్లో ఆ బహుమతి అందుకున్న మొదటివాడు ఆయనే. అచెబె 2013లో చనిపోయేదాకా నోబెల్ రాలేదు, 2007లో మ్యాన్ బుకర్ ఇంటర్నేషనల్ వచ్చింది. పాఠకుల సంఖ్య కొలత అయితే అప్పుడు కూడా వాదం అక్కర్లేదు, ఈసారి అచెబె వైపు. 1958లో 'థింగ్స్ ఫాల్ అపార్ట్' మొదటి ముద్రణ 2,000 కాపీలు. తర్వాత అది 50కి పైగా భాషల్లోకి వెళ్లి 2 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయింది.

ఈ రెండు కొలతలూ నాకు సరిపోవు. నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ మనిషి లేకపోతే తర్వాత వచ్చినవాళ్లలో ఎంతమందికి దారి దొరికేది కాదు? పుస్తకం రాసిన కాలం నాటి రాజకీయాలు పాతబడిపోయాక కూడా ఆ పుస్తకం మళ్లీ చదివితే కొత్తగా ఏమైనా ఇస్తుందా?

మొదటి ప్రశ్నకు అచెబె దగ్గర ఉన్న జవాబు ఇంకెవరి దగ్గరా లేదు. 1962లో లండన్‌లోని హైన్‌మన్ సంస్థ ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్ మొదలుపెట్టింది. పదేళ్ల పాటు, మొదటి వంద పుస్తకాల వరకు, దానికి సంపాదకుడు అచెబెయే. జీతం లేకుండా చేశాడు. కెన్యా నుంచి న్గూగీ తొలి నవలలు ఆ వరుసలోనే వచ్చాయి. ఫ్లోరా న్వాపా తన నవల రాతప్రతి పంపితే అచెబె చదివి, దాన్ని లండన్‌కు పోస్టు చేయడానికి ఖర్చుల కింద ఒక గినీ (పాత బ్రిటిష్ డబ్బు) కూడా జతచేసి ఆమెకు తిరిగి రాశాడు. అదే 1966లో వచ్చిన 'ఎఫురు'. నైజీరియా స్త్రీ రాసిన ఇంగ్లిష్ నవల అంతర్జాతీయంగా అచ్చవడం దానితోనే మొదలైంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ పని వల్లే అచెబెను 'ఆఫ్రికా సాహిత్య పితామహుడు' అంటుంటారు. ఆ బిరుదును ఆయనే ఒప్పుకోలేదు. సోయింకా కూడా దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. వాళ్లిద్దరిదీ న్యాయమైన మాటే. అచెబె కలం పట్టేనాటికే యొరుబా భాషలో ఫగున్వా ఉన్నాడు, ఇంగ్లిష్‌లో ఏమస్ టుటువోలా, సిప్రియన్ ఎక్వెన్సీ పుస్తకాలు వచ్చేశాయి. నలుగురినీ నిలబెట్టినవాడికి కృతజ్ఞత చూపించడానికి ముందున్నవాళ్లను చెరిపేయాల్సిన పని లేదు.

అచెబెలో ఏది చదవాలి?

'థింగ్స్ ఫాల్ అపార్ట్' మంచి పుస్తకం. ఎం.ఏ. ఇంగ్లిష్ చేసినవాళ్లలో చాలామందికి దాని కథానాయకుడు ఒకొంక్వో పరిచయమే. సిలబస్‌లో ఉన్నందువల్ల చదివి, పరీక్ష రాసి, అంతటితో అచెబెను ముగించినవాళ్లు కూడా చాలామందే ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: 'యారో ఆఫ్ గాడ్' చదవండి. 1964లో వచ్చిన ఆ నవలతోనే అచెబె నా దృష్టిలో అందరికంటే పైన నిలబడ్డాడు.

ఉముఆరో అంటే ఆరు ఊళ్ల కూటమి. బయటివాళ్ల దాడులు తట్టుకోలేక ఆ ఊళ్లన్నీ కలిసి ఉలు అనే దేవుణ్ణి తామే నిలబెట్టుకున్నాయి. ఆ దేవుడికి పూజారి ఎజెఉలు. నెలవంక కనబడినప్పుడల్లా దేవుడి కోసం దాచిన పెండలం దుంపల్లోంచి ఒకటి కాల్చి తినడం ఆయన పని. ఆ లెక్క ప్రకారమే కొత్త పంట పండగ ఎప్పుడో ప్రకటిస్తాడు. ఆయన నోటి నుంచి ఆ మాట వచ్చేదాకా ఊళ్లో ఎవరూ దుంప తవ్వకూడదు. ఇంతలో బ్రిటిష్ అధికారి ఆయన్ని పిలిపించి, తమ తరఫున ఊరికి పెద్దగా ఉండమంటాడు. ఎజెఉలు ఒప్పుకోడు. నిర్బంధంలో పెడతారు. అక్కడ ఉండగా రెండు నెలవంకలు దాటిపోతాయి, తినాల్సిన దుంపలు మిగిలిపోతాయి. తిరిగొచ్చాక ఆయన పట్టుపడతాడు: మిగిలిన దుంపలు నెలకొకటి చొప్పున తినాల్సిందే, ఆ తర్వాతే పండగ. పొలాల్లో పంట పాడైపోతుంటుంది. పిల్లలు ఆకలితో ఉంటారు. అప్పుడు చర్చివాళ్లు ఒక మాట చెప్తారు. మా దేవుడికి ఒక దుంప సమర్పించి మీ పంట తవ్వుకోండి, ఉలు మిమ్మల్ని ఏమీ చేయలేడు అని.

ఇందులో తప్పు ఎవరిది? తెల్లవాడిదా, పూజారికి అండగా నిలబడని ఊరిదా, ఆ పూజారి పంతానిదా? తను దేవుడి మాట నిలబెడుతున్నాడో, ఊరి మీద పగ తీర్చుకుంటున్నాడో ఎజెఉలుకే స్పష్టంగా తెలియదు. పైగా చర్చి సంగతులు కనిపెట్టమని కొడుకుల్లో ఒకణ్ణి అక్కడికి పంపింది కూడా ఆయనే. వలస పాలన ఒక సమాజాన్ని పగలగొట్టింది అని చెప్పడం సులువు. ఆ సమాజం లోపలి పగుళ్లలోంచి పాలన ఎలా దూరిందో చూపించడం కష్టం. ఆ కష్టమైన పని ఈ నవల చేసింది. తన నవలల్లో మళ్లీ కూర్చుని చదువుకునేది ఏదైనా ఉంటే ఇదేనని అచెబె కూడా ముందుమాటలో రాసుకున్నాడు.

ముందు 'థింగ్స్ ఫాల్ అపార్ట్' చదవకపోతే అర్థం కాదేమో అన్న టెన్షన్ వద్దు. రెండూ వేర్వేరు కథలు. అయితే 'యారో ఆఫ్ గాడ్' మొదటి యాభై పేజీలు నెమ్మదిగా నడుస్తాయి, పేర్లు చాలా ఉంటాయి. అక్కడ ఓపిక పట్టాలి.

సోయింకా ఎందుకు రెండోవాడు?

సోయింకాను రెండో స్థానంలో పెట్టడం నాకు అంత తేలికైన పని కాదు. ఒక్క రచనను మాత్రమే ఎంచుకోమని అడిగితే, నైజీరియా నుంచి వచ్చిన అన్నిటికంటే గొప్ప రచన ఆయనదే అంటాను. అది 'డెత్ అండ్ ద కింగ్స్ హార్స్‌మన్' అనే నాటకం, 1975లో వచ్చింది.

1940ల్లో ఓయో పట్టణంలో నిజంగా జరిగిన సంఘటన దానికి ఆధారం. రాజు చనిపోయాడు. ఆచారం ప్రకారం ఆయన అశ్వసేవకుడు ఎలెసిన్ కూడా ప్రాణం విడిచి రాజును అనుసరించాలి. జిల్లా అధికారి పిల్కింగ్స్ దాన్ని ఆపుతాడు. ఇంగ్లండ్‌లో డాక్టరీ చదువుతున్న ఎలెసిన్ పెద్దకొడుకు ఒలుండె, తండ్రికి అంత్యక్రియలు చేయడానికి వస్తాడు. తండ్రి బతికే ఉన్నాడని తెలుస్తుంది. తండ్రి చేయాల్సిన పనిని చివరికి ఆ కొడుకు చేస్తాడు.

సతి ఆచారం మీద మన దగ్గర జరిగిన చర్చ తెలిసినవాళ్లు ఈ నాటకం చదువుతుంటే స్థిమితంగా ఉండలేరు. ఆత్మార్పణను నాటకం సమర్థిస్తోందా అన్న ప్రశ్న వెంటాడుతుంది. దీన్ని రెండు సంస్కృతుల ఘర్షణగా చూడొద్దని సోయింకా ముందుమాటలో గట్టిగా హెచ్చరించాడు. నాటకంలో తెల్ల అధికారి ఒక నిమిత్తం మాత్రమే. అసలు ప్రశ్న ఎలెసిన్ లోపల ఉంది: వెళ్లాల్సిన క్షణంలో అతని మనసు ఈ లోకం మీదికి, అప్పుడే పెళ్లాడిన అమ్మాయి మీదికి ఎందుకు లాగింది? ఆ సంకోచం అతనిదే. బ్రిటిష్ జైలు దానికి సాకుగా దొరికింది.

ఇంత గొప్ప నాటకం రాసినవాణ్ణి రెండో స్థానంలో ఎందుకు పెట్టానంటే, ఆయన రాసినదాంట్లో చాలా భాగం కాగితం మీద పూర్తిగా బతకదు. డప్పులు, పాట, నాట్యం ఉన్న రంగస్థలం కావాలి. 1960లో స్వాతంత్ర్య సంబరాల కోసం రాసిన 'ఎ డాన్స్ ఆఫ్ ద ఫారెస్ట్స్' చదివి దారి తప్పనివాళ్లు తక్కువ. 'ది ఇంటర్‌ప్రెటర్స్' నవల కూడా అంతే, మొదటిసారి చదివేవాళ్లను బయటికి నెట్టేస్తుంది. సామాన్య పాఠకుడు ఒంటరిగా కూర్చుని చదువుకోవడానికి అచెబె దగ్గర ఎక్కువ దొరుకుతుంది.

మీరు నాటకరంగంలో ఉన్నవాళ్లయితే ఈ లెక్క తిరగబడుతుంది. మీకు సోయింకాయే మొదటివాడు కావాలి. నటీనటులున్న బృందం దగ్గర 'ది లయన్ అండ్ ద జ్యువెల్' పెట్టి చూడండి. ఊరి అందగత్తె సిడి, ఇంగ్లిష్ మోజు తలకెక్కిన బడిపంతులు లకున్లె, ముసలి ఊరిపెద్ద బరోకా. నవ్విస్తూ నడిచే నాటకం. నాటకాలతో పరిచయం లేని పాఠకులకు మాత్రం 'ఆకె' సరైన దారి. 1981లో వచ్చిన ఆ పుస్తకంలో సోయింకా తన చిన్ననాటి అబెవోకుటా పట్టణం గురించి రాశాడు. అన్యాయమైన పన్నుల మీద అక్కడి ఆడవాళ్లు రాజునే నిలదీసిన పోరాటం ఆ పుస్తకం చివరి భాగంలో ఉంది. చిన్నపిల్లవాడి కళ్లతో ఉద్యమాన్ని అంత బాగా చూపించిన పుస్తకాలు అరుదు.

బుచి ఎమెచెటా

ఇప్పుడు మూడో స్థానం. మామూలుగా ఇక్కడ ఓక్రి పేరో, అదీచి పేరో రాసి ముందుకు వెళ్లిపోతారు.

ఎమెచెటా 1944లో లాగోస్‌లో పుట్టింది. చిన్న వయసులోనే పెళ్లయింది. 1962లో భర్త చదువుకుంటున్న లండన్‌కు పిల్లలతో వెళ్లింది. ఆమె రాసిన మొదటి రాతప్రతిని భర్త తగలబెట్టాడు. ఇరవై రెండేళ్లకే ఐదుగురు పిల్లల తల్లిగా అతన్ని వదిలి బయటికొచ్చింది. లైబ్రరీలో ఉద్యోగం చేస్తూ, సోషియాలజీ డిగ్రీ చదువుతూ, తెల్లవారుజామున లేచి రాసుకుంది. ఆ అనుభవంలో చాలా భాగం 1974లో వచ్చిన 'సెకండ్ క్లాస్ సిటిజన్'లో ఉంది. తగలబెట్టిన నవలను మళ్లీ మొదటినుంచి రాసింది. అదే 1976 నాటి 'ది బ్రైడ్ ప్రైస్'.

ఆమె జీవితం చూసి జాలితో ఇచ్చే స్థానం కాదిది. 1979లో వచ్చిన 'ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్' చూసి ఇచ్చేది. నవల కథానాయిక న్ను ఎగో, ఇబుజా అనే ఊరి నుంచి పెళ్లి చేసుకుని లాగోస్ వస్తుంది. భర్త తెల్లవాళ్ల ఇంట్లో బట్టలు ఉతుకుతాడు. మొదటి బిడ్డ పోతే వంతెన మీంచి దూకబోతుంది. తర్వాత పిల్లలు పుడతారు, మగపిల్లలు పుడతారు, ఇక తనకేం లోటు అనుకుంటుంది. సిగరెట్లు, అగ్గిపెట్టెలు అమ్మి వాళ్లను చదివిస్తుంది. ఒక కొడుకు అమెరికా వెళ్తాడు, ఒకడు కెనడా వెళ్తాడు. ఆమె రోడ్డు పక్కన ఒంటరిగా చనిపోతుంది. కొడుకులు వచ్చి అంత్యక్రియలు ఘనంగా చేస్తారు.

అచెబె నవలల్లో ఆడవాళ్లు ఇంటి పెరట్లో వంట చేస్తూ, పిల్లలకు కథలు చెప్తూ కనబడతారు. అదే పెరట్లో నిలబడి చూస్తే ఆ ప్రపంచం ఎలా ఉంటుందో ఎమెచెటా రాసింది. తన జాతి ఆచారాన్ని వెనకేసుకు రాలేదు, వలస నగరం ఆడదాన్ని విడిపించిందనీ చెప్పలేదు. రెండూ కలిసి ఒకే మనిషిని ఎలా పిండేశాయో చూపించింది. సవతిగా వచ్చిన అడాకు అనే ఆమె ఆ ఇల్లు వదిలేసి తన బతుకు తను చూసుకునే ఘట్టం ఒక్కటి చదివినా ఈమె ఎంత ధైర్యస్తురాలో తెలుస్తుంది. పిల్లలు విదేశాల్లో ఉండగా ఇక్కడ ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు ఆంధ్ర, తెలంగాణల్లో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. అందుకే మన పాఠకులకు నైజీరియా నుంచి ఒకే ఒక్క నవల ఇవ్వమంటే నేను దీన్నే ఇస్తాను. పై వరుసలో ఆమె మూడోది, తెలుగు ఇంట్లోకి రావడంలో మాత్రం మొదటిది.

ఆమె వచనంలో లోటు ఉంది. కొన్నిచోట్ల చెప్పాల్సినదాన్ని చూపించకుండా నేరుగా చెప్పేస్తుంది. అచెబె వాక్యంలో ఉండే బిగువు ఆమెకు లేదు. అందుకే మూడు.

ఒకే యుద్ధం, నాలుగు దారులు

బయాఫ్రా యుద్ధం 1967 జులై నుంచి 1970 జనవరి దాకా సాగింది. ఇగ్బో జాతివాళ్ల తూర్పు ప్రాంతం బయాఫ్రాగా విడిపోతానంది, నైజీరియా ప్రభుత్వం కుదరదంది. ఈ రచయితల్లో చాలామందిని ఆ యుద్ధమే పరీక్షించింది. అచెబె బయాఫ్రా తరఫున దేశాలు తిరిగాడు. యుద్ధం ఆపించాలని బయాఫ్రా నాయకుణ్ణి కలిసి వచ్చిన సోయింకాను ప్రభుత్వం ఇరవై రెండు నెలలు జైల్లో పెట్టింది, అందులో చాలా భాగం ఏకాంతవాసం. 'ది మ్యాన్ డైడ్' ఆ జైలు పుస్తకం. ఒకిగ్బో తుపాకీ పట్టి 1967లోనే న్సుక్కా దగ్గర చనిపోయాడు. ఓగోని జాతివాడైన సారో-వివా నైజీరియా సమాఖ్య ప్రభుత్వం పక్షాన నిలబడ్డాడు.

ఒకిగ్బో రాసింది తక్కువ. బతికుంటే అని ఊహించుకుంటూ స్థానం ఇవ్వలేం. చేతిలో ఉన్న 'లాబిరింత్స్' మాత్రం, ముఖ్యంగా చివర్లో యుద్ధం రాబోతోందని హెచ్చరించే కవితలు, గట్టివి. కవులకు ఆయన్ని తప్పనిసరిగా సూచిస్తాను.

సారో-వివా విషయంలో చావు రచనను కప్పేసింది. షెల్ చమురు బావులు ఓగోని నేలను నాశనం చేయడం మీద ఉద్యమం నడిపినందుకు సైనిక ప్రభుత్వం ఆయన్ని మరో ఎనిమిది మందితో కలిపి 1995 నవంబర్ 10న ఉరి తీసింది. ఆయన 'సోజాబాయ్' ఒక పల్లెటూరి కుర్రాడు సిపాయి వేషం మీద మోజుతో సైన్యంలో చేరిన కథ. వీధి ఇంగ్లిష్‌లో, వ్యాకరణం విరిగిన భాషలో రాశాడు. ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకుంటున్నారో ఆ కుర్రాడికి చివరిదాకా తెలియదు. సైనికుడి వైపు నుంచి చూస్తే ఆ యుద్ధం మీద వచ్చిన అత్యుత్తమ నవల ఇదే. ఇంగ్లిష్ చదవడం అలవాటు తక్కువైతే దీన్ని మొదట ముట్టుకోవద్దు.

పౌరుల వైపు నుంచి చూస్తే ఆ స్థానం అదీచి రాసిన 'హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్'ది. యుద్ధం ముగిసిన ఏడేళ్లకు, 1977లో పుట్టిన మనిషి 2006లో ఆ నవల రాసింది. ఆమె తాతలిద్దరూ ఆ యుద్ధంలో పోయినవాళ్లే. పనికుర్రాడు ఉగ్వు కళ్లతో మొదలై, మంచివాడనుకున్న ఆ ఉగ్వు చేతే చేయకూడని పని చేయించే దాకా వెళ్తుంది. పాఠకుణ్ణి కూర్చోబెట్టి చదివించే గుణంలో ఈ జాబితా మొత్తంలో అదీచికి సాటి లేదు. ఇంకా రాస్తూనే ఉంది కాబట్టి ఆమె స్థానం ఇప్పుడే ఖాయం చేయను. కొత్త పాఠకులు, కాలేజీ పిల్లలు మాత్రం ఆమెతోనే మొదలుపెట్టాలి: ముందు 'పర్పుల్ హైబిస్కస్', తర్వాత ఇది.

మిగిలినవాళ్లు

టుటువోలా చదివింది ఆరేళ్ల బడి చదువు. 1952లో వచ్చిన 'ది పామ్-వైన్ డ్రింకర్డ్'లో కల్లు గీసేవాడు చెట్టు మీంచి పడి చనిపోతే, కల్లుకు అలవాటు పడ్డ యజమాని వాణ్ణి వెతుక్కుంటూ చచ్చినవాళ్ల ఊరికి బయలుదేరతాడు. సాహస కథలు, భూతాల కథలు ఇష్టమైతే ఇది మీదే. ఓక్రి 'ది ఫామిష్డ్ రోడ్' 1991లో బుకర్ గెలిచింది. నాకది సాగదీసినట్టు అనిపిస్తుంది. ఆయన కథల సంపుటి 'స్టార్స్ ఆఫ్ ద న్యూ కర్ఫ్యూ' మేలు.

ఇప్పటిదాకా చెప్పిన పేర్లలో దాదాపు అందరూ ఇంగ్లిష్‌లో రాసినవాళ్లే. గొప్పవాళ్ల జాబితాలన్నిటికీ ఉన్న పెద్ద లోపం ఇదే, నా జాబితాకు కూడా ఉంది. యొరుబాలో ఫగున్వా 1938లో రాసిన అడవి సాహస నవలను సోయింకాయే ఇంగ్లిష్‌లోకి 'ది ఫారెస్ట్ ఆఫ్ ఎ థౌజండ్ డీమన్స్' పేరుతో తెచ్చాడు. ఫగున్వా లేకపోతే టుటువోలాను ఊహించలేం. ఉత్తరాన హౌసాలో ఇంకో లోకమే ఉంది. కానో బజార్లలో చవక పుస్తకాలుగా అమ్ముడుపోయే ఆ నవలలు ఎక్కువగా ఆడవాళ్లు రాసినవి, ఆడవాళ్లు చదివేవి. హిందీ సినిమాల ప్రభావం వాటి మీద బాగా ఉంది. వాటిలో బాగా పేరున్న బలరబా రమత్ యకూబు నవల ఒకటి ఇంగ్లిష్‌లోకి వచ్చింది, 'సిన్ ఈజ్ ఎ పపీ దట్ ఫాలోస్ యు హోమ్'. దాన్ని 2012లో అచ్చువేసింది మన పక్కనే, చెన్నైలోని బ్లాఫ్ట్ ప్రచురణ సంస్థ. భర్త తరిమేస్తే తొమ్మిది మంది పిల్లలతో బయటపడి వంట చేసి అమ్ముకుంటూ నిలబడిన ఇల్లాలి కథ అది. ఎమెచెటా నచ్చినవాళ్లు ఆ తర్వాత వెతుక్కోవాల్సిన పుస్తకం ఇదే.